స్వర్ణాల చెరువులో కారు తాళం పోయింది, రెండో తాళం లేదు, ఏం చేయాలి?

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. టెన్షన్‌లో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. నిన్న రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకి పోయాం, నేను, మా ఆవిడ, మా అత్తగారు. అత్తగారికి ఆరోగ్య రొట్టె పట్టుకోవాలని రెండేళ్ల నుంచి కోరిక. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి చెరువులో దిగా. కారు తాళం తడవకూడదని ప్యాంటు జేబులోంచి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నా, అక్కడే తెలివి ఎక్కువైంది. రొట్టె ఇచ్చే ఆవిడ పొట్టిగా ఉంది, నేను వంగా, తాళం నీళ్లలో పడింది. ఆ జనంలో, ఆ బురదలో, నానిపోయిన రొట్టె ముక్కల మధ్యలో గంటసేపు కాళ్లతో తడిమా. దొరకలేదు. రొట్టె మాత్రం దొరికింది.

బండి 2015 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, తాళం పెట్టి తిప్పే రకం, తాళం మీదే రిమోట్ బటన్లు. కంపెనీ పేరు చెప్పను, ఆ షోరూమ్‌లో మా బావమరిది పనిచేస్తాడు. రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. అమ్మినాయన ఒకటే తాళం ఇచ్చాడు, రెండోది ఊళ్లో ఉంది పంపిస్తా అన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తితే ఒట్టు.

షోరూమ్‌లో అడిగితే బండిని టోయింగ్ చేసి తీసుకురావాలి, ఆర్సీ, ఆధార్ ఇవ్వాలి, తాళం ఆర్డర్ పెడితే వారం పది రోజులు, అంతా కలిపి 14 వేల పైన అన్నారు. ట్రంకురోడ్డు పక్కన గొడుగు కింద కూర్చునే ఆయన 150కి కొట్టిస్తా అంటున్నాడు. ఎక్కడ 150, ఎక్కడ 14 వేలు? ఎవరు మోసం చేస్తున్నారు? బండి ఇంకా పార్కింగ్ మైదానంలోనే ఉంది.

కావలి_కుర్రోడు

అన్నా ఉద్యోగ రొట్టె, వీసా రొట్టె, ఇంటి రొట్టె అన్నీ ఉన్నాయి కదా, వచ్చే ఏడాది తాళం రొట్టె పట్టుకో 😀

వేదాయపాళెం_అక్క

నవ్వులు తర్వాత. తమ్ముడూ, ఆ గుత్తిలో ఇంటి తాళం ఉందా? దాని మీద ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు రాసిన బిళ్ల ఏమైనా ఉందా? ఉంటే ముందు ఇంటి తాళం మార్చు, కారు సంగతి తర్వాత. దర్గా దగ్గర పోయిన వస్తువులు తీసుకునే కౌంటర్‌లో నీ పేరు, నంబరు రాయించావా?

పెన్నాగట్టు

అక్కా, ఇంటి తాళం లేదు. బీరువా తాళం ఉంది. మా ఆవిడ ఆ సంగతి ఇంకా గమనించలేదు. కౌంటర్‌లో రాయించలేదు, ఇప్పుడే పోతున్నా.

పొగతోట_కీ_మేకర్

అన్నా, ఇద్దరూ మోసం చేయడం లేదు. ఇద్దరూ వేరే వేరే సరుకు అమ్ముతున్నారు.

నీ చేతిలో ఉండింది ఒక తాళం కాదు, ఒకే ప్లాస్టిక్ డొక్కులో మూడు. ఒకటి బ్లేడు, అది డోరు, స్టీరింగ్ లాకు తిప్పడానికి. రెండోది రిమోట్ బోర్డు, చిన్న బ్యాటరీతో నడుస్తుంది, బటన్ నొక్కితే డోర్లు తెరుస్తుంది. మూడోది చిప్పు, వడ్లగింజ కంటే కాస్త పెద్దది, గాజు గొట్టంలోనో నల్లటి ముక్కలోనో ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. ఇంజను స్టార్ట్ అవ్వాలంటే అదే కావాలి. గొడుగు కింద ఆయన ఇచ్చేది మొదటిది మాత్రమే. అది కూడా చేతిలో నమూనా ఉంటేనే కొడతాడు, నీ దగ్గర నమూనా కూడా లేదు. ఒకవేళ కొట్టినా డోరు తెరుచుకుంటుంది, లోపల కూర్చుని ఏసీ లేకుండా పాటలు వినొచ్చు, బండి మాత్రం కదలదు.

నేనైతే డోరు లాకులో ఒక సాధనం పెట్టి లోపలి పలకల ఎత్తులు చదువుతా, ఆ లెక్క మిషన్‌కి ఇస్తే కొత్త బ్లేడు కోసేస్తుంది. లాకు పగలగొట్టేది ఉండదు. తర్వాత స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది, బండి కంప్యూటర్‌తో మాట్లాడటానికి పెట్టింది, స్కానర్ పెట్టి కొత్త చిప్పుని బండికి పరిచయం చేస్తా. కొన్ని బండ్లకి సాకెట్ నుంచి పని అవదు, బండి కంప్యూటర్ బాక్సు విప్పి లోపలి మెమరీ చదవాలి, అప్పుడు రేటు పెరుగుతుంది. నీ బండి సాకెట్ నుంచే అవుతుందని అనుకుంటున్నా.

ఇంకో మాట. ఒక్క తాళం చేతిలో ఉండగా వస్తే సగానికి సగం తక్కువ పడేది. అందరూ రెండూ పోయాకే వస్తారు. మా షాపులో అరుగు మీద కూర్చుని ఏడ్చే వాళ్లంతా ఆ బాపతే.

మాగుంట_మామ

ఈ చిప్పులూ బోర్డులూ అంతా డబ్బు గుంజే ఎత్తు. మా నాన్నగారి అంబాసిడర్ తాళం పోతే పక్కింటి అంబాసిడర్ తాళంతో తిప్పేవాళ్లం, స్టార్ట్ అయ్యేది. ఎవరికీ ఏ కష్టం లేదు.

కావలి_కుర్రోడు

మామా, పక్కింటాయనకి ఆ సంగతి తెలుసా?

ఈసీయూ_ఒంగోలు

మాగుంట మామ చెప్పింది నవ్వులాటకి బాగుంది గానీ, చిప్పు ఎందుకు పుట్టిందో కూడా ఆ కథలోనే ఉంది. 80లు, 90ల్లో స్టీరింగ్ కింద రెండు తీగలు కలిపి బండి ఎత్తుకుపోయేవాళ్లు. అందుకే ఇమ్మొబిలైజర్ వచ్చింది, అంటే సరైన చిప్పు లేకపోతే ఇంజను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు, యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకు తప్పనిసరి చేశారు. అది లేకపోతే ఎట్టా ఉంటుందో అమెరికాలో చూశారు. అక్కడ 2011 నుంచి 2021 దాకా అమ్మిన హ్యుందాయ్, కియా మోడళ్లలో చాలావాటికి ఇమ్మొబిలైజర్ పెట్టలేదు, తాళం పెట్టి తిప్పే రకాలకి. పిల్లకాయలు స్టీరింగ్ కింద ప్లాస్టిక్ పీకి యూఎస్‌బీ కేబుల్ కొసతో తిప్పి తోలుకుపోయారు, దాన్ని వీడియోలు కూడా తీసి పెట్టారు.

పనిచేసే తీరు ఇది. తాళం దూర్చే రంధ్రం చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది. తాళం తిప్పగానే అది ఎక్కువగా 125 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న అయస్కాంత క్షేత్రం వదులుతుంది, చిప్పుకి కరెంటు అందులోంచే వస్తుంది, అందుకే బ్యాటరీ అక్కర్లేదు. బండి ఒక అంకె విసురుతుంది. చిప్పు తన లోపలి రహస్య సంఖ్యతో లెక్కగట్టి జవాబిస్తుంది. బండి కూడా అదే లెక్క చేసుకుని రెండూ సరిపోతేనే ఇంజనుకి డీజిల్ వదులుతుంది. కొత్త కోడలు గుమ్మం దగ్గరికి రాగానే ఆడపడుచు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పమంటుంది చూడండి, అట్టాంటిదే. కాకపోతే ఈ ఆడపడుచు ప్రతిసారీ ప్రశ్న మారుస్తుంది, కాబట్టి నిన్నటి జవాబు చాటుగా విన్నవాడికి ఈ రోజు లాభం లేదు. తొలికాలం చిప్పుల్లో ఇది ఉండేది కాదు, ఎప్పుడూ ఒకే నంబరు చెప్పేవి, వాటిని కాపీ కొట్టడం తేలిక.

రిమోట్ బటన్ వ్యవహారం పూర్తిగా వేరు. అది మన దగ్గర ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ మీద సంకేతం పంపుతుంది, నొక్కిన ప్రతిసారీ కోడ్ మారిపోతుంది. జేబులో ఉండగా పిల్లలు ఊరికే నొక్కినా బండి ఆ తర్వాత రావాల్సిన కొన్ని కోడ్‌లని ఒప్పుకుంటుంది కాబట్టి మామూలుగా లెక్క తప్పదు.

రొయ్యల_గుంట (కొత్తపట్నం)

నా కథ వినండి. నాది బటన్ నొక్కి స్టార్ట్ చేసే బండి. చుట్టాలొస్తే కొత్తపట్నం బీచ్‌కి తీసుకెళ్లి జేబులో కీ పెట్టుకునే సముద్రంలో దూకా. బయటికొచ్చాక కీ చచ్చింది. ఎవరో బియ్యంలో పెట్టమన్నారు, మొలగొలుకుల్లోనే పెట్టా, మూడు రోజుల తర్వాత చూస్తే బియ్యం బాగానే ఉన్నాయి, కీ మాత్రం పచ్చగా చిలుం పట్టింది.

ఈసీయూ_ఒంగోలు

ఉప్పునీళ్లయితే బియ్యం జోలికి పోకండి. ముందు బ్యాటరీ పీకేయాలి, ఎందుకంటే కరెంటు ఉంటేనే ఆ చిలుం తొందరగా తినేస్తుంది. తర్వాత మంచినీళ్లతో బోర్డు కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఫ్యాన్ కింద బాగా ఆరబెట్టి కొత్త బ్యాటరీ వేయాలి. మొదటి గంటలో చేస్తే బతికే అవకాశం ఎక్కువ.

సింగరాయకొండ_సూరీడు

బటన్ బండ్ల వాళ్లకి ఒక మాట. పోయిన నెల టంగుటూరు టోల్‌ప్లాజా దాటాక టీ తాగి వచ్చి బటన్ నొక్కితే కీ లేదు అని చూపించింది. కీ చేతిలోనే ఉంది. అరగంట దాన్ని పైకెత్తి, కిందకి దించి, మొక్కి, తిట్టి అన్నీ చేశా. చివరికి ఒక లారీ డ్రైవరన్న వచ్చి కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కమన్నాడు. పడింది. లోపల బ్యాటరీ అయిపోయిందంట.

ఈసీయూ_ఒంగోలు

ఆ అన్న చెప్పింది సరే. బటన్ బండ్లలో కూడా బ్యాటరీ లేని చిప్పు ఉంటుంది, దాన్ని చదివే తీగచుట్ట చాలా బండ్లలో స్టార్ట్ బటన్ వెనకాల ఉంటుంది. కొన్నిటికి కప్ హోల్డర్ దగ్గరో, స్టీరింగ్ పక్కనో ఉంటుంది, మాన్యువల్‌లో చూసుకోండి. డోరు తెరవడానికి కీ లోపలే ఒక సన్న బ్లేడు దాక్కుని ఉంటుంది, చిన్న మీట నొక్కి లాగితే వస్తుంది. చాలా కీలకి సీఆర్2032 బ్యాటరీ పడుతుంది, కొనేముందు పాతది చూసి పోల్చుకోండి.

కావలి_కుర్రోడు

మా వాడొకడు ఆన్‌లైన్‌లో అందమైన కొత్త కీ కవర్ తెప్పించి బోర్డు అందులోకి మార్చి పాత డొక్కు చెత్తబుట్టలో వేశాడు. డోర్లు తెరుచుకుంటున్నాయి, బండి స్టార్ట్ అవడం లేదు. చిప్పు పాత డొక్కులోనే అతుక్కుని ఉందంట. మున్సిపాలిటీ బండి వచ్చి పోయింది.

పొగతోట_కీ_మేకర్

ఆ కేసులు నాకు నెలకి మూడు 😀

కొత్త_సభ్యుడు_77

అన్నలూ, చిప్పు లేకుండా బండి స్టార్ట్ చేయడానికి ఏదో చిన్న మిషన్ దొరుకుతుందంట కదా, ఏ పేరుతో అమ్ముతారు, ఎంత

నిర్వాహకుడు

ఈ ప్రశ్నకి ఇక్కడ జవాబులు వద్దు. రెండు రిప్లైలు తీసేశాను. తాళం పోయినవాళ్లు ఆర్సీ పట్టుకుని కీ మేకర్ దగ్గరికి పోవచ్చు.

పొగతోట_కీ_మేకర్

నిర్వాహకుడన్న మంచి పని చేశాడు. నేను ఆర్సీ, ఆధార్ చూడకుండా, ఫోటో తీసుకోకుండా స్కానర్ సంచి కూడా విప్పను. అవి అడగని వాడి దగ్గర తాళం చేయించుకోకండి, వాడు రేపు ఇంకెవడికైనా నీ బండికి కూడా అట్టే చేస్తాడు. ఇంకొకటి, కొందరు మెకానిక్‌లు ఖర్చు తప్పుతుందని ఉన్న చిప్పు పీకి స్టీరింగ్ కింద తీగచుట్ట పక్కన టేపు వేసి అంటిస్తారు. అప్పుడు 150 తాళంతో కూడా బండి స్టార్ట్ అవుతుంది. ఎవడు తిప్పినా అవుతుంది. అట్టాంటి బండి సెకండ్ హ్యాండ్‌లో మీకు తగిలే ఛాన్స్ ఉంది, కొనేటప్పుడు చూసుకోండి.

పాలసీ_పిచ్చి (ఒంగోలు)

ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. పెన్నాగట్టు, నీ పాలసీ కాగితం తీసి కీ రీప్లేస్‌మెంట్ అనే యాడ్ ఆన్, అంటే అదనంగా డబ్బు కట్టి తీసుకునే కవర్, ఉందేమో చూడు. ఉంటే తాళం, ప్రోగ్రామింగ్ ఖర్చు పరిమితి వరకు వస్తుంది, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చిన కాగితం, బిల్లులు అడుగుతారు. యాడ్ ఆన్ లేకపోయినా స్టేషన్‌లో పిటిషన్ ఇచ్చి రసీదు దాచుకో. ఎందుకంటే రేపు బండి దొంగతనం జరిగితే క్లెయిమ్‌లో మొట్టమొదట అడిగేది రెండు ఒరిజినల్ తాళాలు. ఒకటే ఇస్తే రెండోది ఏదీ అని మొదలుపెడతారు, బండిలోనే వదిలేశావా అంటారు, అక్కడి నుంచి తిరుగుడే. ఒక తాళంతో సెకండ్ హ్యాండ్ బండి కొన్నావు చూడు, అప్పుడే రేటులో పది వేలు తగ్గించి ఉండాల్సింది.

పెన్నాగట్టు

యాడ్ ఆన్ లేదు. ఆ 400 రూపాయలు ఎందుకులే అని నేనే తీసేయించా. చెప్పకండి, తెలుసు.

పెన్నాగట్టు

అప్‌డేట్. పొగతోట అన్నే వచ్చాడు, మైదానంలోనే పని అయిపోయింది. టోయింగ్ లేదు. మొత్తం గంటన్నర. డోరు లాకులో సన్న చువ్వ లాంటిది పెట్టి అటూ ఇటూ కదుపుతూ ఒక కాగితం మీద అంకెలు రాసుకున్నాడు, అది చూస్తుంటే నాడి చూసే వైద్యుడు గుర్తొచ్చాడు. వ్యానులోనే మిషన్, ఇరవై నిమిషాల్లో బ్లేడు. డోరు తెరుచుకుంది, స్టీరింగ్ వదిలింది, తిప్పితే ఇంజను రెండు సెకన్లు తిరిగి ఆగిపోయింది, మీటర్‌లో తాళం బొమ్మ ఎర్రగా మెరుస్తోంది. ఇదన్నా నీ 150 తాళం అన్నాడు.

అసలు విషయం ఇప్పుడు చెప్తా. స్కానర్ పెట్టగానే బండిలో ఇంతకుముందు రిజిస్టర్ అయిన కీలు ఎన్ని అని చూపించింది. మూడు.

కంపెనీ ఇచ్చేది రెండు. నా దగ్గర ఉండింది ఒకటి, పాత ఓనర్ ఊళ్లో ఉందన్నది ఒకటి. మూడోది ఎవరిది?

వేదాయపాళెం_అక్క

అమ్మో.

మాగుంట_మామ

పక్కింటాయనది 😀

ఈసీయూ_ఒంగోలు

మామా మీరు ఆపండి. పెన్నాగట్టు, భయపడాల్సిందేమీ ఉండకపోవచ్చు, పాత ఓనర్ ఎప్పుడో తాళం పోగొట్టుకుని కొత్తది చేయించుకుని పాతదాన్ని చెరిపేయకుండా వదిలేసి ఉంటాడు. కానీ రెండేళ్లుగా నీ బండిని స్టార్ట్ చేయగల రెండు తాళాలు ఎక్కడో ఊళ్లో తిరిగాయి. అందుకే సెకండ్ హ్యాండ్ బండి కొన్నరోజే స్కానర్ పెట్టించి పాతవన్నీ చెరిపేసి చేతిలో ఉన్నవి మాత్రమే మళ్లీ ఎక్కించుకోవాలి. చెరిపేశారా లేదా?

పొగతోట_కీ_మేకర్

చెరిపేశా. మూడూ పోయాయి, కొత్తవి రెండు ఎక్కించా. ఒకటి రిమోట్‌తో, ఒకటి రిమోట్ లేకుండా చిప్పుతో, రెండూ కలిపి 6,500 తీసుకున్నా. రిమోట్ జాబితా వేరే ఉంటుంది, అది కూడా తుడిచేశా. ఒక్కటి మాత్రం అందరూ మర్చిపోతారు. చిప్పు చెరిపితే ఇంజను స్టార్ట్ అవదు, కానీ ఆ పాత బ్లేడు డోరు మాత్రం తెరుస్తుంది. లోపల ల్యాప్‌టాప్, బంగారం పెట్టి పోవద్దు. అది కూడా వద్దనుకుంటే లాకులే మార్చుకోవాలి, ఆ ఖర్చు వేరు.

రొయ్యల_గుంట

మరి మా బటన్ బండ్ల సంగతి? తాళం ఇంట్లో ఉండగానే బయట బండి ఎత్తుకుపోతారని వీడియోలు వస్తున్నాయి, నిజమా?

ఈసీయూ_ఒంగోలు

నిజమే. బటన్ బండి డోరు పట్టుకోగానే తక్కువ ఫ్రీక్వెన్సీలో ఒక పిలుపు పంపుతుంది, అది ఒకటి రెండు మీటర్లే పోతుంది. కీ ఆ దూరంలో ఉంటే జవాబిస్తుంది. అంటే బండి నమ్మేది, జవాబు వచ్చింది కాబట్టి కీ దగ్గరే ఉందని. దొంగ ఒకడు బండి దగ్గర, ఇంకొకడు మీ తలుపు దగ్గర నిలబడి ఆ పిలుపుని ఇంట్లో ఉన్న కీ దాకా సాగదీస్తారు. కోడ్ పగలగొట్టే పనే లేదు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 2011లోనే పది మోడళ్ల మీద చేసి చూపించారు, పదీ పడిపోయాయి. ఇప్పుడు కొన్ని కొత్త కీలు కదలకుండా ఉంటే నిద్రపోతాయి, కొన్ని బండ్లు జవాబు రావడానికి పట్టిన సమయం కొలిచి దూరం లెక్కేస్తాయి.

మీరు చేయగలిగింది తేలిక. కీని తలుపు పక్కన మేకుకి తగిలించకండి. మూత గట్టిగా పట్టే బిస్కెట్ డబ్బాలో వేసి, ఆ డబ్బా పట్టుకుని బండి దగ్గరికి పోయి డోరు లాగి చూడండి. తెరుచుకుంటే ఆ డబ్బా పనికిరాదు, ఇంకో డబ్బా చూడండి.

చిప్పుల లెక్కలు కూడా దేవుడి రాతలు కాదు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల చిన్న రహస్య సంఖ్య (40 బిట్లు) ఉన్న చిప్పుని 2005లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ, ఆర్ఎస్ఏ ల్యాబ్స్ వాళ్లు ఛేదించారు. మెగామాస్ అనే ఇంకో చిప్పు లోపం బయటపెట్టబోతే 2013లో ఫోక్స్‌వ్యాగన్ బ్రిటన్ కోర్టు నుంచి ఆపుదల ఆర్డర్ తెచ్చింది, ఆ పరిశోధన 2015లో గానీ అచ్చు కాలేదు. రెండేళ్లు కాగితాన్ని ఆపారు, చిప్పులు బండ్లలో అట్టే ఉన్నాయి. నాకు దీని మీదే కోపం.

కావలి_కుర్రోడు

మా చెల్లెలి యాక్టివా కూడా స్మార్ట్ కీదే, 2023లో వచ్చిన మోడల్. ఇప్పుడు దానికీ బిస్కెట్ డబ్బా వెతకాలా 😀

పెన్నాగట్టు

చివరి అప్‌డేట్, తొమ్మిది రోజుల తర్వాత. దర్గా దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. పండగ అయిపోయాక చెరువు ఘాట్లు శుభ్రం చేస్తున్న మున్సిపాలిటీ అక్క ఒకరికి బురదలో తాళం గుత్తి దొరికిందంట, కౌంటర్‌లో ఇచ్చింది. వేదాయపాళెం అక్క చెప్పకపోతే నా పేరు అక్కడ ఉండేదే కాదు. ఆమెని వెతికి పట్టుకుని చీర పెట్టి వచ్చాం.

తాళం తెచ్చి బండిలో పెట్టి చూశా. పొగతోట అన్న అన్నట్టే జరిగింది. డోరు తెరుచుకుంది. స్టార్ట్ చేస్తే రెండు సెకన్లు తిరిగి ఆగింది, ఎర్ర బొమ్మ మెరిసింది. రెండేళ్లు నాతో తిరిగిన తాళాన్ని నా బండే గుర్తుపట్టలేదు, కాస్త బాధేసింది. రిమోట్ బోర్డు కుళ్లిపోయింది. చిప్పు మాత్రం తొమ్మిది రోజులు నీళ్లలో ఉన్నా బతికే ఉంది, అన్న మళ్లీ ఎక్కించాడు, డబ్బులు తీసుకోలేదు, టీ తాగించా. ఇప్పుడు నా దగ్గర మూడు తాళాలు, మూడూ నావే. ఒకటి మా అత్తగారింట్లో పెడుతున్నా.

అదే గుత్తికి బీరువా తాళం కూడా ఉంది కదా. మా ఆవిడ గుత్తి చేతిలోకి తీసుకుని, ఇది ఎప్పటి నుంచి చెరువులో ఉంది అని అడిగింది. ప్రస్తుతం ఇంట్లో ఆ విచారణ నడుస్తోంది, రిప్లైలు ఆలస్యమైతే ఏమనుకోకండి.